మడమ చూసి లేచినవాడు

ఎగ్బర్ట్ బాస్కమ్ ఒలింపిక్స్‌లో ఎందుకు ఓడిపోయాడో నలభై రెండో నంబరు ఊళ్ళో ఎవరినడిగినా చెబుతారు. కాకపోతే ఏ ఇద్దరూ ఒకటే చెప్పరు. బుధరాం సారా కొట్టులో కూర్చునేవాళ్ళ మాట ప్రకారం, అతను గీత దాటేసరికి ఫోటో తీసేవాడు ఇంకా నల్లగుడ్డలో తల దూరుస్తూనే ఉన్నాడట. సాక్ష్యం లేదని బహుమతి ఇవ్వలేదట. చేపలమ్మే ఆడవాళ్ళది ఇంకో కథ. మనిషి ముందొచ్చాడు, బూట్లు వెనకాల వచ్చాయి, మనిషీ బూట్లూ కలిసి రావాలని అక్కడి రూలట. అతని సొంత మేనమామ డెస్మండ్ మాత్రం, గ్లాసు రెండోసారి నిండాక, ఎగ్బర్ట్ పరుగు గాలికి ఆ దేశపు రాణిగారి టోపీ ఎగిరిపోయిందనీ, టోపీ దొరికేదాకా ఫలితం చెప్పవద్దని హుకుం వచ్చిందనీ, అది ఇప్పటికీ దొరకలేదనీ చెప్పేవాడు.

నిజం వీటన్నిటికంటే చిన్నది. ఎగ్బర్ట్ బాస్కమ్ అక్కడ అసలు పరుగే పెట్టలేదు.

ఆ తీరంలో చాలా ఊళ్ళకు నంబర్లే పేర్లు. పేర్లు పెట్టడానికి వచ్చిన దొర మధ్యలో ఆకలేసి భోజనానికి వెళ్ళి తిరిగి రాలేదని డెస్మండే అనేవాడు. ఒకవైపు సముద్రపు కట్ట, ఒకవైపు చెరకు, మధ్యలో కొయ్య స్తంభాల మీద నిలబడ్డ ఇళ్ళు. ఆటు వచ్చి సముద్రం వెనక్కి తగ్గినప్పుడు కట్ట అవతల బురద గట్టిపడి రోడ్డులా పరుచుకుంటుంది. ఎగ్బర్ట్ పరుగు నేర్చుకున్నది దాని మీదే. బడి ఉన్న రోజుల్లో బడికి, లేని రోజుల్లో ఎండ్రకాయల వెనకాల.

తీరం పొడవునా ఎక్కడ పరుగుపందెం జరిగినా తుపాకీ పేల్చేది ఒక్కరే, సార్జంట్ కడోగన్. మనిషి కొబ్బరిచెట్టంత ఎత్తు, గొంతు కాలవ లాకు తలుపు కిర్రుమన్నట్టు. ‘సెట్’ అన్నాక పేల్చకుండా ఆయన ఎంతసేపు ఆపుతాడో దేవుడికి కూడా తెలియదు. కానీ వంగి ఉన్నవాడికి కంటి చివరలో ఆయన బూట్లు కనిపించేవి. పేల్చడానికి రెప్పపాటు ముందు ఆ ఎడమ బూటు మడమ నేలమీంచి లేచేది. నడక వచ్చిన ప్రతి పిల్లవాడికీ ఈ సంగతి తెలుసు. అమ్మలు ప్రార్థన నేర్పితే అన్నలు ఇది నేర్పేవాళ్ళు: చెవుల్ని నమ్ముకోకు, మడమ చూడు. జార్జ్‌టౌన్ నుంచి మంచి బూట్లేసుకుని వచ్చిన కుర్రాళ్ళు ప్రతి ఆగస్టు పండగ పోటీల్లోనూ ఒక అడుగు వెనకబడిపోయి, ఈ తీరంవాళ్ళ కాళ్ళలో ఏదో మందుందని చెప్పుకుంటూ పడవెక్కేవాళ్ళు. ఇది మోసమని ఎవరికీ తోచలేదు. పొద్దుపొడుపు చూసి లేవడం మోసమా?

ఎగ్బర్ట్ ఆ తీరం నుంచి దేశానికీ, దేశం నుంచి ఒలింపిక్స్‌కూ వెళ్ళాడు. అక్కడ తుపాకీ పట్టుకున్నది తెల్లకోటు వేసుకున్న ఒక ముసలాయన. ఈస్టరు నాడు పాదిరీగారు వేసుకునే బూట్లకంటే తళతళలాడే బూట్లు. ఎగ్బర్ట్ వంగాడు, తల దించాడు. ఎవరూ చెప్పకుండానే కన్ను బూట్ల దగ్గరికి వెళ్ళిపోయింది. నడుము ఎత్తమన్నారు, ఎత్తాడు. ముసలాయనకు కాలు తిమ్మిరెక్కిందో ఏమో, మడమ కాస్త కదిపాడు. ఎగ్బర్ట్ వెళ్ళిపోయాడు. తుపాకీ ఇంకా పేలనే లేదు.

వెనక్కి పిలిచి హెచ్చరించారు. రెండోసారి అతను కళ్ళు మూసుకున్నాడు. కళ్ళు మూసుకుంటే ఏమీ వినిపించలేదు. గుండె చప్పుడు తప్ప ఏమీ. భయమేసి తెరిచాడు. తెరవగానే మడమ కదిలింది.

విందులో తప్పు బంతిలో కూర్చున్నవాణ్ణి లేపినట్టు ఎవరో వచ్చి మోచెయ్యి పట్టుకుని మర్యాదగా పక్కకు తీసుకెళ్ళారు. మిగతావాళ్ళు అతను లేకుండా పరుగెత్తారు. అతను బూట్లు విప్పి ఒళ్ళో పెట్టుకుని చూశాడు. ఆ బూట్లకు మట్టి కూడా సరిగా అంటలేదు.

తిరిగొచ్చిన రోజు రేవులో ఊరు ఊరంతా డోళ్ళతో నిలబడింది. పడవ దిగుతూనే అసలు సంగతి చెప్పేద్దామని నోరు తెరిచాడు. డెస్మండ్ గట్టిగా కావలించుకుని చెవిలో అన్నాడు: "నోరు మూసుకో. ఊరు మేళం పెట్టించింది. ఆ తర్వాతి సంగతి నేను చూసుకుంటా." మాట నిలబెట్టుకున్నాడు కూడా. ఆ సాయంత్రానికే రాణిగారి టోపీ ఎగిరింది. గుంపులో సార్జంట్ కడోగన్ కూడా ఉన్నాడు. ఆయన చెయ్యి చాపితే ఎగ్బర్ట్ పట్టుకున్నాడు గాని, మొహంలోకి చూడలేక కిందికి చూశాడు. అక్కడ బూట్లున్నాయి. ఇక ఎటు చూడాలో తెలియలేదు.

తర్వాత అతను ఉపాధ్యాయ శిక్షణకు వెళ్ళాడు, తోటి టీచరు వినిఫ్రెడ్‌ని పెళ్ళి చేసుకున్నాడు, ఊళ్ళోని చర్చి బడికి హెడ్మాస్టరయ్యాడు. పిల్లల్ని కొట్టేవాడు కాదు, ఆపేవాడు. గంట మోగితే లేవకూడదు. మోత పూర్తిగా చల్లారాక లేవాలి. ప్రశ్న అడిగితే వెంటనే చెయ్యెత్తకూడదు. సమాధానం తెలిసినవాడు కూడా కాసేపు ఆగి, తనకు నిజంగా తెలుసా అని చూసుకోవాలి. పిల్లలు అతనికి ‘ఆగు సర్’ అని పేరు పెట్టారు. పిల్లల పిల్లలు కూడా అదే పేరుతో పిలిచారు.

సార్జంట్ కళ్ళకు పొర కమ్మి తుపాకీ వదిలేశాక, దాన్ని బాస్కమ్ తీసుకున్నాడు. మెత్తటి గుడ్డబూట్లు వేసుకునేవాడు. అదీ చాలదని, బెల్లపు పాకం పోసే ఖాళీ డ్రమ్ము ఒకటి తెప్పించి, నడుందాకా దాని వెనక నిలబడి పేల్చేవాడు. ఆగు సర్ స్నానానికి దిగాడు, సబ్బు ఇవ్వండ్రా అని కొట్టు దగ్గర కుర్రాళ్ళు నవ్వేవాళ్ళు. అతను పట్టించుకోలేదు. ఈ తీరం నుంచి వెళ్ళినవాడు ఎవడూ పై దేశంలో కాళ్ళు చూసి లేవకూడదు. చెవితో విని లేవాలి. జీవితంలో ఇంకేమీ చెయ్యకపోయినా ఆ ఒక్క పనీ చెయ్యాలనుకున్నాడు. చేశాడు కూడా. ఒక తరం మొత్తం మోత విని లేవడం నేర్చుకుంది.

అందులో అందరికంటే బాగా విన్న పిల్ల ఆజ్లిన్ టాపిన్. తల్లి యూనిస్ చెరకు ఎస్టేటులో కలుపు తీసే కూలి ముఠాకి వెళ్ళేది. తండ్రి బంగారం తవ్వడానికి అడవిలోకి వెళ్ళాడు. బంగారమూ రాలేదు, అతనూ రాలేదు. బాస్కమ్ ఆ పిల్లను మొదట చూసింది బడి మెట్ల మీద, ఆలస్యంగా వచ్చి, ఆగమన్నచోట అద్దంలో బొమ్మలా ఆగిపోయినప్పుడు. అంత నిశ్శబ్దంగా ఆగగలిగిన కాళ్ళు ఎంత దూరమైనా పోగలవని అతనికి అనిపించింది. అప్పట్నుంచి ఏడేళ్ళు, బడి వదిలాక, ఆటు బురద మీద అతను డ్రమ్ము వెనక, ఆమె గీత వెనక. వినిఫ్రెడ్ ఆ పిల్లకు కొబ్బరిపాలలో ఉడికిన కర్రపెండలం, ఉప్పుచేప పెట్టేది. సొంత పిల్లలు లేని ఇల్లు. ఆ విషయం ఎవరూ ఎత్తేవారు కాదు.

పిల్లకు పదిహేడొచ్చిన ఏడు, దేశం నుంచి ఒలింపిక్స్‌కు ఒక్క అమ్మాయినే పంపుతామన్నారు. జార్జ్‌టౌన్‌లో ఎంపిక పందెం పెట్టారు. దేశంలో మంచి చెయ్యి బాస్కమ్‌దే కాబట్టి తుపాకీ ఆయనే పట్టుకోవాలని కబురు వచ్చింది.

"నీ పిల్ల పరుగెత్తే పందానికి నువ్వు తుపాకీ పట్టుకోవడం ఏమిటి బాస్కమ్?" అంది వినిఫ్రెడ్. "అది గెలిస్తే పట్నంవాళ్ళు తిడతారు. ఓడితే యూనిస్ తిడుతుంది. అవన్నీ వినాల్సింది నేను."

"వేరేవాడు పట్టుకుంటే కాలు కదుపుతాడు."

"ఆ పిల్ల కాళ్ళు చూడదు. చూసేది నువ్వు."

అతను మర్నాడు డ్రమ్మును బస్సు మీదికి ఎక్కించి, రేవులో దింపి, పడవలో దాటించి, మళ్ళీ బస్సెక్కించి జార్జ్‌టౌన్ తీసుకెళ్ళాడు.

మైదానం జనంతో కిటకిటలాడుతోంది. సార్జంట్ కడోగన్‌ను మనవలు మోసుకొచ్చి ముందు వరసలో కూర్చోబెట్టారు. ఆజ్లిన్ నాలుగో గీతలో వంగింది. బాస్కమ్ డ్రమ్ము వెనక నిలబడి ఊపిరి బిగబట్టాడు. సెట్ అన్నాడు. పేల్చాడు.

మోతా, ఆమె లేవడమూ ఒక్కటే అయ్యాయి. ఆ రెంటి మధ్య అతనికి సందు కనిపించలేదు. ఇన్నేళ్ళుగా ఎవరు పరుగెత్తినా అతను వెతికేది ఆ సందే. అది లేకపోతే ఆ మనిషి వినలేదు, దేన్నో చూసి లేచినట్టు. నాలో ఏదో కదిలింది అనుకున్నాడు. భుజమో, కనురెప్పో. అది చూసి లేచింది. నాలాగే లేచింది. వేలు తనంతట తానే రెండోసారి బిగుసుకుంది, తుపాకీ మళ్ళీ పేలింది. రెండో మోత అంటే వెనక్కి రమ్మని. పరుగు ఆగిపోయింది.

తప్పు ఆజ్లిన్‌ది అన్నాడు. ఆమె నడుచుకుంటూ వెనక్కి వచ్చి ఒక్కసారి అతనివైపు చూసింది. అందులో కోపం లేదు. లెక్క తప్పంటూ మాస్టారు కొట్టేస్తే, ఎక్కడ తప్పిందా అని మళ్ళీ పలకలోకి చూసుకునే పిల్ల చూపు అది.

మళ్ళీ వంగారు. మళ్ళీ పేలింది. అందరూ లేచారు. ఆజ్లిన్ ఆగింది. మోత పూర్తిగా చల్లారాక లేచింది. ఆ తర్వాత ఆమె పరుగెత్తిన తీరు చూసినవాళ్ళు ఈనాటికీ చెబుతారు, ఒక్కొక్కర్నీ దాటుకుంటూ పోయిందని, ఇంకో పది గజాలుంటే అందరూ వెనకే ఉండేవాళ్ళని. పది గజాలు లేవు. మూడోది వచ్చింది. పట్నం పిల్ల ఒకతె ఎంపికైంది. మంచి పిల్లే, ఏడ్చుకుంటూ వచ్చి ఆజ్లిన్‌ను పట్టుకుంది.

జనం వెళ్ళిపోయాక సార్జంట్ అతన్ని పిలిపించాడు.

"ఆ పిల్ల తప్పు చెయ్యలేదురా ఎగ్బర్ట్."

"మీకు కళ్ళు కనబడవు కదా సార్జంట్ గారూ."

"కనబడవు కాబట్టే చెబుతున్నా. నువ్వు చూశావు, నేను విన్నా. తుపాకీ ముందు, పిల్ల కాలు తర్వాత. వెంట్రుకవాసి. ఏడేళ్ళుగా నీ తుపాకీ వింటోంది. తల్లావు అరిస్తే లేగదూడ లేచినట్టు లేచింది. అది దొంగతనమా?"

బాస్కమ్ ఆయన పక్కన కూర్చున్నాడు. ముప్ఫై ఏళ్ళుగా ఎవరికీ చెప్పని మాట అప్పుడు బయటికొచ్చింది. తెల్లకోటు, తళతళలాడే బూట్లు, రెండుసార్లు కదిలిన మడమ, ఇంకెవరి మడమనో చూస్తున్నట్టు తన కళ్ళు. అంతా చెప్పి, అది మీ మడమే సార్జంట్ గారూ అన్నాడు.



"తెలుసు" అన్నాడు సార్జంట్. "నా మడమ లేస్తోందని నాకు ఒకరు చెప్పాలా? పట్నం కుర్రాళ్ళకు బూట్లున్నాయి, నేర్పేవాళ్ళున్నారు. మీకేముంది, బురద. కావాలనే ఎత్తేవాణ్ణి. మీలో ఒకడు అంత దూరం వెళ్తాడని నేననుకోలేదురా. నువ్వు పడవ దిగి నా బూట్లకేసి చూసినప్పుడే నాకర్థమైంది. ఆ రోజే చెప్పాలి. చెప్పలేదు." చెయ్యి గాల్లో తడుముతూ అతని భుజం పట్టుకున్నాడు. "నువ్వెళ్ళి ఆ పిల్లకు చెప్పు. నాలాగా ఆలస్యం చెయ్యకు."

బాస్కమ్ ముందు పోటీల పెద్దల దగ్గరికి వెళ్ళి తప్పు తనదని చెప్పాడు. వాళ్ళు సానుభూతిగానే విన్నారు. తుపాకీ పట్టుకున్నవాడి మాటే ఆఖరిమాటని, అది మైదానంలో ఒకసారే చెబుతారని అన్నారు. తిరుగు బస్సులో పిల్లలందరూ ఉన్నారు. అందరిముందూ ఎలా చెప్పాలా అనుకుంటూ వచ్చాడు. పడవలో చెబుదామనుకున్నాడు, గాలి హోరులో వినబడదనుకున్నాడు. ఊరొచ్చింది. రేపు సాధనకు వస్తుంది కదా, అప్పుడు చెబుదామనుకున్నాడు. ఆమె రాలేదు. వారం గడిచింది, ఇంకో వారం. బురద మీద డ్రమ్ము పక్కన ఒక్కడే నిలబడి వచ్చేవాడు. ఆగమని ఊరందరికీ నేర్పిన మనిషి, ఆగకూడని చోట ఆగిపోయాడు.

చివరికి టై కట్టుకుని యూనిస్ ఇంటికి వెళ్ళాడు. ఆమె ఇంటికింద నీడలో చేప తోముతోంది.

"రండి సర్, కూర్చోండి" అంది, తలెత్తకుండా. "మా ఇంట్లో కూర్చోడానికి తుపాకీ అక్కర్లేదు."

పిల్ల ఏదని అడిగాడు.

"వెనక చేల్లో. ముఠాలో పేరెక్కించాను. బడి అయిపోయింది, పరుగు అయిపోయింది, నడుం ఉంది కదా." అప్పుడు తలెత్తి చూసింది. "మీరంటే నాకు కోపం లేదనుకోకండి సర్. ఉంది. కానీ దాన్ని అన్నం తినమని చెప్పడానికి వచ్చారనుకుని ఊరుకుంటున్నా."

కట్టవెంట చేల దాకా నడిచాడు. కొత్త చెరకు మోకాళ్ళెత్తు ఉంది. ఆడవాళ్ళు బారుగా వంగి కలుపు తీస్తున్నారు. టై కట్టుకున్న మనిషిని చూసి ఒకామె, ఆగు సర్ వచ్చాడమ్మా, ఇక కలుపు కూడా పెరగదు అంది. నవ్వులు. ఆజ్లిన్ నవ్వలేదు. నడుమెత్తి, చేతులు పావడాకు తుడుచుకుని, బడిలో చెప్పినట్టే "గుడ్ మార్నింగ్ సర్" అంది.



"ఆ రోజు నువ్వు తప్పు చెయ్యలేదు. నేను చేశాను."

"తెలుసు సర్."

"తెలిస్తే రెండోసారి అంతసేపు ఎందుకాగావు?"

ఆమె ఆలోచించింది. "అప్పుడు తెలీదు. మీరు తప్పన్నారు కదా, తప్పే అయ్యుంటుందనుకున్నా. పరుగు అయ్యాక తెలిసింది."

"వచ్చే ఏడాది పోటీలున్నాయి. రేపట్నుంచి రా. తుపాకీ వేరేవాళ్ళు పడతారు."

"ఎవరు పట్టినా ఒకటే సర్. నేను చూసుకున్నా. ఒక్కదాన్నే బురద మీదికెళ్ళి చూసుకున్నా. మొదలెడతాను, లోపల ఎవరో ఆగు అంటారు. కాళ్ళు ఆగిపోతాయి." పరుషంగా అనలేదు, జ్వరమొచ్చిందని చెప్పినట్టు చెప్పింది. "మీ గొంతే సర్."

మేస్త్రి కేకేశాడు. ఆమె మళ్ళీ వరసలో వంగింది.

ఆ ఆదివారం చర్చిలో ప్రార్థన అయ్యాక బాస్కమ్ లేచి నిలబడి ఊరందరికీ చెప్పాడు. తాను పై దేశంలో ఎందుకు పరుగెత్తలేదో చెప్పాడు, ఆజ్లిన్ ఎందుకు ఓడిపోయిందో చెప్పాడు. తుపాకీ పోలీసు ఠాణాలో అప్పగించేశాడు. ఊరు శ్రద్ధగా విన్నది, ఒక్క ముక్క నమ్మలేదు. ఇన్నేళ్ళు రాణిగారి టోపీతో పెరిగిన ఊరు అది. మడమ కథ కూడా డెస్మండ్ రక్తంలోంచి వచ్చిందే అనుకున్నారు. సాయంత్రానికి బుధరాం కొట్టులో కొత్తది తయారైంది: ఆజ్లిన్ గుండుకంటే ముందు పోయిందట, గుండు సిగ్గుపడి తిరిగి గొట్టంలో దూరిందట. అది వింటూ బాస్కమ్ కొట్టు బయట నిలబడిపోయాడు. పాపం వాళ్ళు ఒకప్పుడు తనకు పెట్టించినట్టే ఆ పిల్లకూ మేళం పెట్టిస్తున్నారని అతనికి తెలుసు. కాదనడానికి మనసు రాలేదు.

ఏళ్ళు గడిచాయి. సార్జంట్ పోయాడు, డెస్మండ్ పోయాడు. ఆజ్లిన్ ముఠాలోనే ఉంది, పెళ్ళి చేసుకుంది, ఇద్దరు పిల్లలు. ఆమె పరుగెత్తడం ఎవరూ చూడలేదు. బస్సు కదిలిపోతున్నా నడిచే వచ్చేది. డ్రైవరు తిట్టుకుంటూ ఆపేవాడు.

బాస్కమ్ పదవి విరమించే ఏడు, ఒక మధ్యాహ్నం సముద్రం మీంచి వాన ఉన్నపళంగా దిగింది. చేలనుంచి వస్తున్న కలుపు ముఠా ఆడవాళ్ళు కొడవళ్ళు నెత్తిన పెట్టుకుని, కేకలేసుకుంటూ బడి చూరు కిందికి పరుగెత్తారు. ముసలివాళ్ళు కూడా పరుగెత్తారు. అతను పైన వరండాలోంచి చూస్తున్నాడు. రోడ్డు ఆ చివర ఒక్కతే నడుచుకుంటూ వస్తోంది. వాన ఆమె భుజాల మీద పగిలిపోతోంది. కింద ఆడవాళ్ళు రమ్మని చేతులూపుతున్నారు. ఆమె అడుగు మారలేదు.

అతను మెట్లు దిగి కిందికి వచ్చేసరికి ఆమె కూడా చూరు కిందికి చేరింది. జుట్టులోంచి నీళ్ళు కారుతున్నాయి. అతన్ని చూసి గుడ్ ఆఫ్టర్‌నూన్ సర్ అంది. అతను తువ్వాలు అందించాడు. ఏదో అడగబోయి, ఆమె మొహం చూసి ఊరుకున్నాడు.

ఆమె పావడా అంచు పిండుకుంటూ, అతనివైపు చూడకుండా, మెల్లగా అంది:

"రోడ్డు జారుతోంది సర్. అందుకే."

ఆ రోడ్డు ఎర్ర ఇటుకరాళ్ళు కొట్టి పరిచింది. ఎంత వానకూ జారదు. అతను జీవితమంతా నడిచిన రోడ్డు.

"అవునమ్మా" అన్నాడు. "బాగా జారుతోంది."